అట్టపెట్టెలో గాజుపిట్ట

ఆమె చేసే గాజుపిట్టలు బొటనవేలంత ఉంటాయి. సన్నటి గాజు కడ్డీని మంటలో తిప్పి తిప్పి, అది పాకంలా మెత్తబడగానే పట్టకారుతో రెక్కలు లాగుతుంది, ముక్కు గిల్లుతుంది. అరచేతిలో పెట్టుకుని చూస్తే ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోయేట్టే ఉంటాయి. ఫొటో తీస్తే మాత్రం బల్ల మీద ఒలికిన నీళ్ళలా కనిపిస్తాయి. అక్కడే వచ్చింది తంటా.

చేతిపనుల ప్రదర్శనకు పంపిన ఫొటోలు తిరిగొచ్చాయి. వస్తువు స్పష్టంగా కనబడటం లేదని, నెలాఖరులోగా మరోసారి పంపవచ్చని నిర్వాహకురాలు రాసింది.

"ఏమీ అనుకోకు వదినా, ఇందులో పిట్ట ఎక్కడుంది?" అన్నాడు మరిది, ఫోను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"నీ మొహం! అదిగో తోక."

"అది తోకా! నీ వేలి నీడేమో అనుకున్నా."

పైకి నవ్వింది గానీ ఆమె ప్రాణం ఉసూరుమంది. కాసేపు కిటికీ దగ్గర ముఖం వేలాడేసుకుని కూర్చుంది. తర్వాత కొంగు బిగించి లేచింది. చిన్న వస్తువుల ఫొటోల కోసం కొందరు వెలుతురు పెట్టె వాడతారని ఎక్కడో చూసింది. కొనడం దేనికి, చేసుకుంటే పోలా?

అత్తగారు అటక మీంచి ఫ్యాను వచ్చిన అట్టపెట్టె దింపించింది. "ఇవన్నీ పారేయమని నా మీద ఎగిరేదానివి కదటే! ఇప్పుడు కావాల్సి వచ్చిందా?"

"వచ్చింది అత్తయ్యా, తప్పయిపోయింది. ఆ కత్తెర ఇటివ్వండి."

పెట్టెను వంటింటి బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, పైనా రెండు పక్కలా కిటికీల్లా కోసి, పల్చటి తెల్ల కాగితం అతికించింది. వెనక గోడ నుంచి అడుగు దాకా ఒకే తెల్ల చార్టును మడత పడకుండా ఒంపుగా జార్చింది, మూల గీత కనబడకుండా. పక్కకొకటి చొప్పున రెండు టేబుల్ లైట్లు పెట్టింది. ఒకటి పసుపుగా, ఒకటి తెల్లగా వెలుగుతుంటే మరిది పరిగెత్తి బల్బు మార్చాడు.

నీడలన్నీ మాయమయ్యాయి. వాటితోపాటు పిట్ట కూడా మాయమైంది! తెలుపులో తెలుపు కలిసిపోయి, కళ్ళు చికిలించినా ఆనవాలు దొరకలేదు. లైటు దగ్గరికి జరిపారు, దూరం జరిపారు. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏదీ, నన్ను చూడనీ" అంటూ అత్తగారు నల్ల శాలువా కప్పుకుని ఒక పక్క నుంచి వంగింది. ఫోనులో పిట్టకు ఆ వైపు రెక్క అంచు సన్నటి గీతలా తేలింది.

"కదలకండి అత్తయ్యా!"

"ఏమైందే? తేలు గానీ పాకిందా?"

"మీ శాలువా! ఆ నలుపు గాజులో పడి అంచు కనిపిస్తోంది!"

వెంటనే లైట్లు రెండూ పై కిటికీ మీదికి మార్చి, పిట్టకు అటూ ఇటూ, ఫొటోలో పడనంత దూరంలో నల్ల కాగితాలు నిలబెట్టింది. ఫోను పుస్తకాల దొంతర మీద ఆనించి, చెయ్యి వణక్కుండా టైమర్ పెట్టి ఊపిరి బిగబట్టింది. టిక్కుమంది. ఈకలూ ముక్కూ మెడ ఒంపూ, అన్నీ పెన్సిలుతో గీసినట్టు కనిపించాయి. మరిది నోరెళ్ళబెట్టాడు. ఆమె అత్తగారిని వాటేసుకుని గిర్రున తిప్పింది.

"వదలవే, నడుం పట్టేస్తుంది!" అని అరుస్తూనే ఆవిడా నవ్వింది.

ప్రదర్శన మొదలైన రోజు ముగ్గురూ హాలు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎదురుగా గోడంతా ఆ గాజుపిట్టే, మనిషంత ఎత్తున!

నిర్వాహకురాలు గబగబా ఎదురొచ్చింది. "ఇంత బాగా ఏ స్టూడియోలో తీయించారండీ?"

"మా వంటింట్లో" అంది అత్తగారు, తల ఎగరేసి.

ఆ మాట చెవిన పడి, పూసలు గుచ్చే ఆవిడా, కొయ్యబొమ్మలు చెక్కే ఆయనా, మరికొందరూ చుట్టూ చేరారు. ఎలాగో చెప్పమని పట్టుబట్టారు. నలుగురిలో నోరు విప్పడానికే జంకే మనిషి ఆమె. అలాంటిది, దొరికిన కాగితం మీద పెట్టె బొమ్మ గీస్తూ, వెనక వరసకు కూడా వినబడేలా గొంతెత్తి మొదలుపెట్టింది: "ముందు మంచి అట్టపెట్టె ఒకటి వెతకండి..."