బామ్మర్ది కన్నా రెండడుగులు ఎక్కువ

బామ్మర్ది డెల్మర్ ట్రక్కు వెనక తగిలించే పద్నాలుగడుగుల ట్రైలర్ కొన్నప్పటి నుంచి రాయ్స్‌కు తిన్నది ఒంటబట్టడం లేదు. ఓక్లహోమా ఎండలో పడి షాపుకెళ్లి పదహారడుగులది చూపించమన్నాడు.

"మీ ట్రక్కు ఎంత బరువు లాగుతుందండీ?" అని అడిగాడు షాపువాడు.

"డెల్మర్ గాడి ట్రక్కు లాగగా లేంది, నాది లాగదా?" అని కసురుకుని కొనేశాడు.

శనివారం కొత్త ట్రైలర్‌లో గడ్డిమోపులు ఎక్కించగానే రాయ్స్ ట్రక్కు వెనక చతికిలబడింది, ముందు భాగం పైకి లేచింది. డెల్మర్ పరుగున వచ్చి, ట్రైలర్‌ను తన పెద్ద ట్రక్కుకు తగిలించి అవలీలగా లాగేశాడు.

"భలే ట్రైలర్ కొన్నావు బావా! నాది నువ్వుంచుకో, నీ బండికి సరిగ్గా సరిపోద్ది. ఇది నేను వాడుకుంటా."

ఆ మాటలో ఎగతాళైనా ఉంటే రాయ్స్‌కు కాస్త ఊరటగా ఉండేది.