కొలిమి చూడటానికి వెళ్ళాను

మా ఇంట్లోంచి ముందు వస్తువు పోతుంది, తరువాత మనిషి పోతాడు. సైకిలు అమ్మేసిన కొన్నాళ్ళకే నాన్న పనికోసం పొరుగూరు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. తమ్ముడి మంచం ఎవరికో ఇచ్చేశాం, ఆ ఏడాదే వాడూ పోయాడు. అందుకే వాడి భార్య, మా మరదలు, కుట్టుమిషను అమ్మేస్తానన్నప్పుడు నా గుండె జారిపోయింది.

ఆమె దగ్గర ఒక గ్రాఫైట్ గని కంపెనీ షేర్లున్నాయి. పెన్సిల్లో ఉండే నల్లరాయే అది. బాగా శుద్ధి చేస్తే బ్యాటరీలకు పనికొస్తుందట. షేరు ధర పెరుగుతోంది. మందుల షాపతను మొదలు వీధిలో అందరిదీ ఆ మాటే. మిషను డబ్బు కూడా అందులోనే పెట్టి, ధర బాగా పెరిగేదాకా వాళ్ళక్క ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో చేరతానంది. మిషను కొంటానన్నవాడు శనివారం సాయంత్రం బండి పంపిస్తాడు.

"తిరిగొచ్చి రెండు మిషన్లు కొంటాను వదినా. నీ భయాలన్నీ పెట్టెలో పెట్టి తాళంచెవి నాకివ్వు."

మిషను ఆమెది. వద్దనడానికి నేనెవరిని? కానీ చూడకుండా ఊరుకోదలచుకోలేదు. నేను బడికి వెళ్ళలేదు, పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. షేర్లున్నవాళ్ళకు కంపెనీ పంపిన పుస్తకాన్ని భూతద్దం పెట్టి చదివాను. గని ఫోటోల్లో కూలీల ముఖాలు మసిబారి ఉన్నాయి. శుద్ధి చేసే కొలిమి దగ్గర నిలబడ్డవాళ్ళు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నారు. అది నాకు మింగుడుపడలేదు.

షేర్లున్నవాళ్ళ ఇంటివాళ్ళెవరైనా శనివారం వచ్చి గని చూడవచ్చని అందులోనే ఉంది. నేను వెళతానంటే మరదలు నవ్వి, బస్సులో కిటికీ పక్కన కూర్చోమంది, లేకపోతే వాంతులవుతాయని.

గని నిజమే. మెరిసే నల్లరాళ్ళు గుట్టలుగా ఉన్నాయి. పొడి మీద కాలు జారుతుంటే ఆ రాళ్ళు పట్టుకుంటూ, పనివాళ్ళలాగే పాదాలు ఈడ్చి నడిచాను. తోటివాళ్ళు రాళ్ళు పట్టుకుని ఫోటోలు దిగుతూ ఇంకెన్ని షేర్లు కొనాలో చెప్పుకుంటున్నారు. నేను మాకు గని చూపిస్తున్న ఇంజనీరమ్మాయిని పట్టుకుని కొలిమి చూపించమన్నాను. దూరం, కాళ్ళు నొప్పి పుడతాయంది. పుట్టనీ అన్నాను.

అక్కడ కొయ్యలు పాతి తాడు కట్టారు. మధ్యలో గుంత, గుంతలో వాననీళ్ళు.

"ఇక్కడే కడతామమ్మా. పుస్తకంలోది కంప్యూటర్లో చేసిన బొమ్మ. రెండేళ్ళు పట్టొచ్చు" అంది ఆ పిల్ల. నమ్మకముందా అని అడిగితే, తన జీతంలోంచి తనూ షేర్లు కొన్నానంది. వెనక్కి తిరుగుతుంటే నా గుడ్డసంచి కొయ్యకు తగిలి చిరిగింది.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో బండి. గోనెపట్టా చుట్టిన మిషనుకు బండివాడు తాడు కడుతున్నాడు. నేను దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

"రాయి మంచిదేనే. నీ షేర్లు ఉంచుకో. కొలిమి మాత్రం ఇంకా లేదు, కొయ్యలు పాతారంతే. రెండేళ్ళంటున్నారు. అన్నాళ్ళు మిషను లేకుండా ఉండగలవేమో ఆలోచించుకో."

నువ్వు లేకుండా నేనుండలేనని మాత్రం అనలేదు.

బండివాడు తొందరగా తేల్చమన్నాడు. మరదలు నల్లబడ్డ నా చేతులకేసి చూసింది.

"ఆ నొప్పుల మోకాళ్ళతో అంతదూరం నడిచావా?"

"నడిచాను."

ఆమె వంగి తాడు విప్పింది. బండివాడికి కిరాయి ఇచ్చి పంపేసింది. మిషను లోపలికి చేరాక నా సంచి లాక్కుని చిరుగు కుట్టడం మొదలుపెట్టింది. నల్లపొడి ఆమె వేళ్ళకూ అంటింది.

"కొలిమి వెలిగిన రోజు ఇద్దరం వెళదాం వదినా. కిటికీ సీటు మాత్రం నాది" అంది, తలెత్తకుండానే.