ఇటుకల మీది కొలత

"ఇంకోసారి పెట్టు," అన్నాడు సర్వేయరు, దుర్బిణి మీంచి కన్ను తీయకుండానే.

ఆమె కొలకర్ర ఎత్తి మళ్లీ అదే చోట దించింది. పదమూడడుగుల కర్ర. పొద్దున ఆరున్నర నుంచి మోస్తుంటే మెడ పక్కన చర్మం కందిపోయింది. ఎండ నడినెత్తికొచ్చింది. సర్వేయరుకో గొడుగు, యంత్రానికో గొడుగు ఉన్నాయి. కర్ర పట్టుకునే మనిషికీ నెత్తి ఉంటుందని ఆ ఆఫీసులో ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. రోజుకు నాలుగు వందల కూలి, ఎండ ఉచితం.

పద్నాలుగేళ్లుగా ఆమె పని ఇదే. చూపించిన చోట కర్ర నిలబెట్టడం, "సరే" అనేదాకా కదలకపోవడం. కర్ర మీద అంకెలుంటాయి. యాభై గజాల అవతల నుంచి సర్వేయరు దుర్బిణిలో ఆ అంకె చూసి పుస్తకంలో రాసుకుంటాడు. దాన్నిబట్టి నేల ఎక్కడ మిట్టో ఎక్కడ పల్లమో తేలుతుంది. ఆఫీసులో అందరూ ఆమెను కర్రక్క అంటారు. అసలు పేరు అడిగినవాడు లేడు.

ఇప్పుడు ఆమె నిలబడింది సర్వేయరు సొంతింటి గేటు ముందు. రెండంతస్తుల ఇల్లు, రంగుల వాసన ఇంకా పోలేదు. కర్ర మాత్రం నేల మీద లేదు. మూడు రోజుల కిందట, ఇంట్లో వాళ్లు ఊళ్లో లేనప్పుడు, ఆమె అక్కడ జానెడు లోతు గొయ్యి తవ్వి ఎండుగడ్డి కప్పి పెట్టింది. కర్ర అందులో దిగింది. కర్ర ఎంత కిందికి దిగితే నేల అంత పల్లమని కాగితం మీద పడుతుంది.

పోయిన వరద తరవాత పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఊరంతా కొలవాలి. వాగు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, మురుగు తూము ఎన్ని ఇళ్ల నీళ్లు మోయగలదు, పెద్ద కరెంటు తీగలు ఎవరి నెత్తి మీదుగా పోతున్నాయి, అన్నీ చూసి మ్యాపులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు వేయాలి. ఎరుపులో పడ్డ స్థలంలో కొత్త ఇల్లు లేవకూడదు. బ్యాంకు మొహం చూడదు, కొనేవాడు గడప తొక్కడు. ఉన్న ఇళ్లను మాత్రం వరదకు తట్టుకునేలా సర్కారే బాగుచేయాలి. మ్యాపు మీద రేపు సాయంత్రం ముద్ర పడుతుంది.

సర్వేయరు తల ఎత్తాడు. మొహం మాడిపోయింది. ఆమె కడుపు చల్లబడింది. నాలుగేళ్లుగా ఆ మొహం అలా మాడితే చూడాలని పళ్లు నూరుకుంటూ బతికింది. నీ ఇంటికీ రంగు పడింది కదరా, అనుకుంది. నువ్వూ గేటు పట్టుకుని ఏడువు.

సర్వేయరు ఏడవలేదు. జేబులోంచి రబ్బరు తీసి అంకె చెరిపాడు. ఇంకో అంకె రాసి, పెన్సిలు చెవిలో పెట్టుకున్నాడు. "కర్ర వంకరగా పట్టుకున్నావ్. పోనీలే, నేను సరిచేశా."

"వెనక గదులకు కర్ర పెట్టమంటారా సార్?"

"ఎందుకు, ఎండలో? కూలోళ్ల గదులేగా. ఇక్కడ వచ్చిన మొదటి అంకే వాటికి వేసేస్తా. ఎరుపైతే ఏం మునిగిపోయింది! ఏదో ఒకరోజు ఖాళీ చేయాల్సినవేగా."

ఆ ఇంటి వెనక ఆరు గదులున్నాయి. మట్టి మోసేవాళ్లూ బట్టలుతికేవాళ్లూ ఉంటారు. అతనికని తవ్విన గోతిలో వాళ్లు పడ్డారు. అతను మాత్రం రబ్బరు పట్టుకుని గట్టున నిలబడ్డాడు. అబద్ధం అతని ఇలాకా. అక్కడ అతనికి పెన్సిలుంది, రబ్బరుంది, ముద్రుంది. ఆమెకున్నది గడ్డి కప్పిన గొయ్యి. ఆ ఆటలో తను గెలవడం కల్ల అని ఆమెకు ఆ గేటు ముందే తెలిసిపోయింది.

కర్ర భుజానికెత్తుకుని వాగు వైపు నడిచింది. ముందు నడిచేది ఎప్పుడూ కర్రే. సర్వేయరు జీపులో వస్తాడు.

వాగు పక్కన పల్లంలో నలభై ఇళ్ల వరస. తొమ్మిదేళ్ల కిందట అది ఉత్త గడ్డినేల. దాన్ని కొలిచింది ఈ సర్వేయరే, కర్ర పట్టింది ఆమే. ఆ రోజు అతను జీపులోంచి మూడు ఇటుకలు దింపించాడు. "నేల మెత్తగా ఉంది, కర్ర దిగబడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పెట్టు," అన్నాడు. మెత్తని నేలలో కర్ర కింద ఇనప బిళ్ల వేయడం ఆమె ఎరిగిందే. బిళ్ల లేకపోతే ఇటుక అనుకుంది. బిళ్ల అంగుళం మందం కూడా ఉండదు, మూడిటుకలు అడుగు ఎత్తుంటాయి. ఆ తేడా ఆమె బుర్రకు తట్టలేదు. సాయంత్రం, ఆ నేలను ముక్కలు చేసి అమ్మబోయే ప్లాట్లాయన అందరికీ కూల్‌డ్రింకులు తాగించాడు. ఆమెకూ ఒక సీసా ఇచ్చాడు. తాగి, దండం కూడా పెట్టింది.

మ్యాపులో ఆ పల్లం అడుగు లేచింది. ఇళ్లు లేచాయి. చెల్లెలూ మరిదీ అక్కడే రెండు గదులు కట్టుకున్నారు. వీధి మొదట్లో కరెంటు పెట్టె పెట్టారు. వరద వచ్చినా నీళ్లు అందని ఎత్తు ఎంతో మ్యాపు చూసి లెక్కగట్టి మరీ పెట్టారు. వరదకు మ్యాపు సంగతి తెలియదు కదా. నాలుగేళ్ల కిందట ఓ మధ్యాహ్నం నీళ్లు వచ్చి పెట్టె కింది అంచును తాకాయి. చెల్లెలు పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని నడుంలోతు నీళ్లలో బయటికి వస్తోంది. పెట్టె పక్కనుంచే దారి.

మరిది తాపీమేస్త్రి. భార్యను మట్టి చేసిన మూడో రోజు, గోడల మట్టం చూసుకునే నీళ్ల పైపు పట్టుకుని వంతెన మీద సర్కారు ఎత్తు చెక్కి ఉంచిన గుర్తురాయి నుంచి కరెంటు పెట్టెదాకా ఇంటింటికీ మట్టం తీసుకుంటూ వచ్చాడు. మ్యాపుకూ నేలకూ అడుగు తేడా. ఆఫీసుకెళ్లి చెప్తే నవ్వారు. "మేస్త్రి పైపు పెట్టి సర్కారు మ్యాపు తప్పంటావా?" అని బయటికి పంపారు. ఆ రోజు ఆఫీసు వరండాలో కర్ర తుడుస్తూ ఆమె అంతా విన్నది. అడుగు అనగానే మూడిటుకలు కళ్ల ముందు కదిలాయి. మ్యాపుల గది ముసలి గుమాస్తాను ఊరికే అడిగినట్టు అడిగింది. "కర్ర లేస్తే కాగితం మీద నేలా లేస్తుంది కదమ్మా. ఇన్నేళ్లుగా పట్టుకుంటున్నావు, ఆమాత్రం తెలీదా?" అన్నాడాయన.

అప్పటినుంచి ఆమెకు అన్నం సయించలేదు. మరిది ఎప్పుడొచ్చినా ఒకటే మాట. "ఎవడో చేశాడొదినా. నా పైపు తప్పు చెప్పదు. ఆ రోజు కర్ర పట్టుకున్న చేతులెవరివో దొరికితే చాలు, మిగతాది నేను చూసుకుంటా." సర్వేయరు మీద పగ ఎంత పెంచుకుందో, తన చేతుల సంగతి అంత లోపల దాచుకుంది. ఉద్యోగం మానకపోవడానికి కారణం నాలుగు వందలు కాదు. మళ్లీ కొలవక తప్పదనీ, ఆ రోజు అతని పక్కన తనుండాలనీ.

వరస ఇళ్ల దగ్గర పాతికమంది నిలబడి ఉన్నారు. పల్లం అంకెలకు అక్కడివాళ్లు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలన్నది కొత్త రూలు. ఒక సంతకం మరిదిది. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా సిమెంటు, భుజాన పైపు చుట్ట. వరస వెనక ప్లాట్లాయన కొత్తగా రాళ్లు పాతించిన స్థలం, తొంభై ప్లాట్లు. ఇది ఎరుపైతే ఆ తొంభై పోయినట్టే, కరెంటు పెట్టె ఎత్తాలి, తూము తవ్వి వెడల్పు చేయాలి. ఆకుపచ్చయితే ఇంకో తొంభై ఇళ్ల మురుగు అదే తూములో పడుతుంది, ఇంకో పెట్టె అదే ఎత్తులో లేస్తుంది. ప్లాట్లాయన కారు అద్దాలెత్తుకుని చల్లగా కూర్చున్నాడు.

జీపు డ్రైవరు మూడు ఇటుకలు తెచ్చి కరెంటు పెట్టె ముందు పేర్చి వెళ్లాడు.

"నేల మెత్తగా ఉంది," సర్వేయరు యంత్రం దగ్గర్నుంచి కేకేశాడు. "వాటి మీద పెట్టు."

అదే మాట, అదే గొంతు. తొమ్మిదేళ్లలో కొత్త అబద్ధం కట్టే శ్రమ కూడా పడలేదు. ఎర్రమట్టి ఎండకు రాయిలా ఉంది. ఆమె మడమతో తన్ని చూసింది, నొప్పి పుట్టింది. తరవాత అదే కాలితో ఇటుకలను తన్నింది. పైది రెండు ముక్కలైంది, మిగతా రెండూ దొర్లిపోయాయి. కర్ర వట్టి నేల మీద నిలబెట్టింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?"

"నేల మీద పెట్టాను సార్. చదవండి."

"చెప్పింది చెయ్యి. రేపట్నుంచి పని ఉండదు, చూసుకో."

"ఉండకపోనివ్వండి." ఆమె కర్రను ఇంకా గట్టిగా పట్టుకుంది. "మూడు రోజుల కింద మీ గేటు ముందు గొయ్యి తవ్వి, ఇందాక అందులో కర్ర పెట్టాను. మీ ఇల్లు ముంచాలని. మీ ఇంటి అంకె మీరు చెరుపుకున్నారు, వెనక ఆరు గదులకు ఆ గొయ్యి అంకే ఉంచారు. ఆ గదులు మళ్లీ కొలవాలి. అందరూ వినండి, ఆ అంకె దొంగది. చేసింది నేను."

"ఎండకు మతి పోయింది దీనికి," అన్నాడు సర్వేయరు జనం వైపు చూసి నవ్వబోతూ. ఎవరూ నవ్వలేదు.

ఆమె మరిది వైపు తిరిగింది. మొహం చూడలేక భుజం మీది పైపు చూస్తూ చెప్పింది.

"నీ పైపు తప్పు చెప్పలేదయ్యా. తొమ్మిదేళ్ల కింద ఇక్కడే, ఇలాగే, మూడిటుకలు పేర్పించాడు. ఆ అడుగే మ్యాపులోకెక్కింది. పేర్పించింది ఈయన. పైన కర్ర పట్టుకుంది నేను. అప్పుడు నాకు తెలీదు. తెలిసి నాలుగేళ్లయింది, నీకు చెప్పలేదు."

కారు అద్దం సగం దిగింది. ప్లాట్లాయన తల బయటికి పెట్టి, పరిస్థితి చూసి, మళ్లీ లోపలికి లాక్కున్నాడు. సర్వేయరు పుస్తకం మూయబోతుంటే, రెండో సాక్షి, పాలు పోసే ముసలావిడ, వచ్చి పేజీల మధ్య చెయ్యి అడ్డం పెట్టింది. "అంకె రాసి పో నాయనా," అంది.

మరిది వంగి, పగలని ఇటుక ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఇటుకలతో పనిచేసిన చెయ్యి. దాన్ని బరువు చూస్తున్నట్టు ఒకసారి ఆడించాడు. సర్వేయరు వైపు చూశాడు. తరవాత ఆమె చేతుల వైపు చూశాడు, చాలాసేపు.

ఆమె ఆ చేతులు దాచుకోలేదు. రెండింటితోనూ కర్రను నిటారుగా పట్టుకుని, నేల మీంచి వెంట్రుకవాసి కదలనివ్వకుండా నిలబడింది.

"చదవండి సార్," అంది మళ్లీ.