ఫ్లెక్సీలో లేని తల

"ఇరవై మందికి చాయ్ పెట్టు. చక్కెర జర ఎక్కువెయ్యి" అని కింది నుంచి సతీశ్ కేకేశాడు. దీప్తి చేతిలోని ల్యాప్‌టాప్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి, పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది. కింద ఫ్లెక్సీల దుకాణం, పైన ఇల్లు. చౌటుప్పల్ హైవే మీద పోయే ప్రతి బస్సుకూ కనబడేట్టు ఆ రోజు దుకాణం ముందు పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టారు. "మీరు మాట రాయండి, మేము బొమ్మ గీస్తాం. సతీశ్ డిజిటల్స్ కొత్త వెబ్‌సైట్ ప్రారంభోత్సవం." మధ్యలో నల్లద్దాలు పెట్టుకున్న సతీశ్, చుట్టూ గుండ్రంగా కత్తిరించిన పద్దెనిమిది తలకాయలు. వార్డు లీడర్ విజేందర్ తల మిగతా వాటికంటే కొంచెం పెద్దది. లేకపోతే అలుగుతాడు. ఆ తలకాయలన్నీ కంప్యూటర్లో కూర్చుని చెవులు తెగకుండా కత్తిరించింది దీప్తే. "నాకు జర తెలుపు ఎక్కియ్యే" అంటే మొగుడికి తెలుపు ఎక్కించిందీ ఆమే. ఆమె తల మాత్రం అందులో లేదు.

తల అక్కర్లేదు, తాను చేసిన వెబ్‌సైట్‌లో అడుగున ఓ మూల పేరు పెట్టుకుంటానని అడిగింది. అట్లా అడుక్కున్నందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. "ఆడోళ్ల పేరు నలుగురి నోట్లె ఎందుకే? మనోళ్లు నవ్వరా?" అన్నాడు సతీశ్. అన్నం కలుపుకుంటూ, కనీసం తల కూడా ఎత్తకుండా అన్నాడు.

ఐదు నెలల పని అది. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఉద్యోగం, కూతురు వర్షిత పుట్టాక మానేసిన ఉద్యోగం, అందులో నేర్చుకున్నదంతా అడుగున పడిపోయిందనుకుంది. పడిపోలేదు. పొద్దున పిల్లను బడికి పంపి, అత్త నర్సింగమ్మకు బీపీ గోలీ ఇచ్చి, బట్టలు ఆరేసి, ఆ మిగిలిన వేళల్లో కూర్చుని కోడ్ రాసింది. గిరాకీ మనిషి తనకేం కావాలో తెలుగులో టైపు చేస్తే, ఆ మాటల్ని బొమ్మలు గీసే ఏఐకి పంపాలి. వచ్చిన బొమ్మను ఫ్లెక్సీ కొలతకు సరిచేసి చూపించాలి. చెప్పడానికి రెండు ముక్కలే. మొదట్లో బతుకమ్మ అని రాస్తే పెళ్లి కేకు వచ్చేది. తంగేడు పూలు ఎట్లుంటాయో, గునుగు ఏ వరుసలో పెడతారో, పైన గౌరమ్మ ఎక్కడుంటుందో దానికి అర్థమయ్యేట్టు చెప్పడానికి పది రోజులు పట్టింది. తెలుగు అక్షరాలు రాయమంటే జిలేబీలు చుట్టేది. బొమ్మ మటుకే గీయమని, అక్షరాలు తాను విడిగా పేర్చేట్టు మార్చింది. ఆ అక్షరాలు మొదటిసారి వంకర లేకుండా వచ్చిన రోజు ఆమెకు గట్టిగా కేకేయాలనిపించింది. కేకేస్తే వినేవాళ్లెవరు? గుమ్మంలో అత్త పక్కింటావిడతో అంటోంది: "పొద్దంత గా డబ్బ ముంగట కూసుంటది. పప్పు మాడినా సోయి లేదు." సాయంత్రం సతీశ్ చొక్కాకు గుండీ లేదని చూపించి, "ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా, గిది గూడ కుట్టలేవా?" అన్నాడు. ఖాళీగా! ఆ మాట అన్న నోట్లో ఇంత పచ్చిమిరపకాయ కుక్కాలనిపించింది. కుక్కలేదు, గుండీ కుట్టింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

అల్లం దంచుతుంటే కింద కొబ్బరికాయ కొట్టిన చప్పుడు, చప్పట్లు. దుకాణంలో గోడకు పెద్ద టీవీ పెట్టి అందులో వెబ్‌సైట్ చూపిస్తున్నారు. విజేందర్ గొంతు మెట్ల మీదుగా పైకే వచ్చింది.

"మస్తుగున్నది సతీశూ. ఎవలు జేసిండ్రు?"

"హైదరాబాద్ పోరగాండ్లతోని చేయించిన అన్నా. ఐదు నెలలు ఎంటబడితే గిట్ల తయారైంది."

దీప్తి చేతిలో రోకలి ఆగిపోయింది. పేరు పెట్టకపోవడం వేరు. ఆ పేరు ఉండాల్సిన చోట లేని మనుషుల్ని పుట్టించి కూర్చోబెట్టడం వేరు. ఐదు నెలలు వెంటపడ్డాడట! ఒక్కనాడు ఆ ల్యాప్‌టాప్ వైపు తొంగి చూసినవాడు కాదు. ఏడుపు రాలేదు. అది ఆమెకే ఆశ్చర్యం.

బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్‌లో, కింద ఎవరేం టైపు చేస్తున్నారో వరుసగా కనిపిస్తోంది. "నేను పులి మీద." "నేను రెండు పులుల మీద." "నేను గుర్రం మీద, వెనక సూర్యుడు." ఇరవై మందీ తలో ఫోనూ తీసి ఒకేసారి మొదలుపెట్టారు. బొమ్మ బొమ్మకూ డబ్బు కట్టాలి గనక, గంటకు యాభై బొమ్మలు దాటితే ఆగేట్టు దీప్తి ముందే ఓ హద్దు పెట్టింది. పదే పది నిమిషాల్లో యాభయ్యీ అయిపోయాయి. టీవీ మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి: "ఇప్పుడు బొమ్మ రాదు."

ఫోన్ మోగింది. సతీశ్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "ఏమే, గిది ఎర్రగ సూపిస్తాంది. జెల్ది సూడు. అందరి ముంగట ఇజ్జత్ పోతాంది."

ఆ హద్దు పెంచడానికి ఒక్క అంకె మారిస్తే చాలు. అర నిమిషం పని. వేలు దాని మీదికే పోయింది కూడా, అలవాటు కొద్దీ. అక్కడే ఆపింది.

"హైదరాబాద్ పోరగాండ్లకు ఫోన్ చెయ్. నాకేం తెల్సు? ఖాళీగ ఉండేదాన్ని" అని పెట్టేసింది.

అంకె ముట్టుకోలేదు. ఆ ఎర్ర అక్షరాల మాట తెరిచి, తుడిచేసి, కొత్త మాట రాసింది. కింద ఎవరో మళ్లీ నొక్కినట్టున్నారు. విజేందర్ బడిపిల్లాడిలా కూడబలుక్కుంటూ పైకి చదివాడు:

"'దీన్ని చేసింది దీప్తి. ఆమెను అడగండి.' దీప్తి ఎవలే సతీశూ?"

ఎనిమిదేళ్లుగా ఆమె చేతి చాయ్ తాగుతున్న మనిషి అడిగిన మాట అది. వదినా అనడమే తప్ప పేరు తెలుసుకునే పని ఆయనకు పడలేదు. పైన గుమ్మంలో కూర్చున్న నర్సింగమ్మ కోడలి వైపు తిరిగి, "నీ పేరే గదా పిల్లా?" అంది, తానూ అప్పుడే గుర్తు చేసుకున్నట్టు.

పాలు అంచుదాకా వచ్చాయి. దీప్తి పొయ్యి ఆర్పింది. గ్లాసులు బయటికి తీయలేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దిగింది. చాయ్ వచ్చిందనుకుని వెనక్కి తిరిగిన వాళ్లంతా ఆమె చేతుల వైపే చూశారు. సతీశ్ కూర్చునే కుర్చీ లాక్కుని కూర్చుంది. ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టింది.

"దీప్తి అంటె నేనే. బొమ్మలు మళ్ల వస్తయ్" అంది. "ముందుగాల బయట గా ఫ్లెక్సీ దింపుండ్రి."