గంజెమ్మ కోట గడియమాను

నేను ఒక గడియమానును. ఏడు మూరల చండ్రమొద్దును, రెండు కొసలకీ ఇనుపకట్లు. కాకిరాళ్ళ కోట పెద్దవాకిలి మూసినప్పుడు తలుపుల వెనక అడ్డంగా పడుకోవడమే నా ఉద్యోగం. తలుపులకు మనుషుల మీద కాస్త నమ్మకం ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకోవాలి కదా. మేం గడియలం భయంలోంచే పుడతాం. అందుకే నాకు మొదటినుంచీ కీడే తోస్తుంది. ఇప్పటికీ ఈ కూలిన బురుజుల మీదికి పిల్లలు ఎక్కుతుంటే, ఆ రాయి కదులుతుందేమో, ఈ సందులో పాముందేమో, వీళ్ళ అమ్మ ఎక్కడ చచ్చిందో అని నాలో నేనే సణుక్కుంటూ ఉంటాను. వినేవాళ్ళెవరు?

నన్ను నరికించినవాడు కొండప నాయడు, ఈ కొండకు పాలెగాడు. గొడ్డలి వేసే ముందు నా చెట్టుకు పసుపు రాసి దండం పెట్టారు. మనుషులకు అదొక అలవాటు. చంపబోయే ముందు మొక్కుతారు, చంపేశాక మొక్కుతారు. మధ్యలో మాత్రం ఎవరి మాటా వినరు.

నలుగురు ఎత్తాల్సిన నన్ను ఒక్కడే ఎత్తేవాడు తిప్పన్న, వాకిలి కాపలావాడు. అతని పెళ్ళాం సుంకమ్మ, మూడేళ్ళ కూతురు ఈరి. పగటిపూట నేను గోడవారన పడి ఉంటే, ఈరిని నా మీద కూర్చోబెట్టి సుంకమ్మ సంగటి తినిపించేది. "పడతావే, పడతావే" అంటూ ఒక చెయ్యి ఎప్పుడూ దాని వీపు వెనకే. మొగుణ్ణి "ఈరి నాయనా" అని పిలిచేది. ఆడది మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తరుగుతుందని ఈ సీమలో నమ్మకం. అన్నిటికీ భయపడే సుంకమ్మకు ఈ భయం మరీ ఎక్కువ. ఊరవతల చెత్త తిప్పను కూడా "కుప్ప" అనేది, పొరపాటున మొగుడి పేరు నోట్లోకి వస్తుందని.

ఆ ఏడు ఎండాకాలంలో పక్క కోట పోయింది. శత్రువులు చీరలు కట్టుకుని, గుడ్డమూటల్ని చంటిబిడ్డల్లా చంకనెత్తుకుని, నీళ్ళు తెచ్చే ఆడవాళ్ళలో కలిసి లోపలికి వచ్చారట. ఆ కబురు విన్న దగ్గర్నుంచి నాయడికి అన్నం సయించలేదు. పైకి వచ్చిన శత్రువుల నెత్తిన పోయడానికి వాకిలి మీది మాళిగలో కొప్పెర నిండా రాగిగంజి ఎప్పుడూ మరుగుతూ ఉండాలన్నాడు. నూనె జారిపోతుంది, గంజయితే ఒంటికి అంటుకుని వదలదు, అదీ అతని తెలివి.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం తూర్పున ఎర్రటి దుమ్ము లేచింది. నగారా మోగింది. చేలల్లో ఉన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందరూ వచ్చేశారనుకుని తిప్పన్న నన్ను అడ్డం వేశాడు. సుంకమ్మ ఇంట్లోనే ఉందనుకున్నాడు. ఆమె ఈరిని తీసుకుని కొండ కింద మందిచ్చే అవ్వ దగ్గరికి పోయింది. పిల్లది మామూలు దగ్గే. ఆమెకే ప్రాణం మీదికి వచ్చినట్టు తోచింది.

నేను తలుపుల వెనక ఉన్నాను కనక బయట ఏం జరిగిందో చూడలేదు. విన్నాను.

"ఈరి నాయనా! తియ్యి! బిడ్డ ఉండాది నా దగ్గర!"

తిప్పన్న చేతులు నా మీద పడ్డాయి. పైన మాళిగలోంచి నాయడు ఉరిమాడు. "ముట్టుకుంటివా, చేతులు నరికిస్తా!"

"నా పెండ్లాం సామీ!"

"నువ్వు చెప్తే సాలదు రా. లోపలోనికీ బయటోనికీ ముందే మాటయి ఉంటే? నీ పేరేందో దాన్నే చెప్పమను. చెప్తే తీద్దాం."

ఎంత తేలిక పరీక్ష! మూడక్షరాలు. తిప్పన్న తలుపు చీలికకు నోరానించి అరిచాడు. "చెప్పే! నా పేరు చెప్పే!"

"ఎట్ల చెప్పేది? నీకేమన్నా అయితే?"

"ఏం గాదే, నీకు దండం పెడతా!"

"యుద్ధమొచ్చే యాళ నీ పేరెత్తేదా? నా నోటితో నిన్ను సంపుకునేదా?"

మాళిగ మీద కాపలావాళ్ళు పగలబడి నవ్వారు. "ఏమ్మే, మొగుడు గుర్తులేడా? ఎంతమంది ఉండారేమి?" "కొంగు తియ్యి, మీసముందేమో చూస్తాం!"

అప్పుడు సుంకమ్మకు ఉపాయం తోచింది. బిడ్డ చెబితే దోషం లేదు కదా. "మాయమ్మ గదా, మీ నాయన పేరు చెప్పు. పైకి చూసి గట్టిగా చెప్పు."

ఈరి దగ్గింది.

"నాయన" అంది.

మళ్ళీ నవ్వులు. దుమ్ము దగ్గరికి వస్తోంది. నాయడు చెయ్యి ఊపాడు. కొప్పెర వంగిన చప్పుడు.

ముందు చిన్న గొంతు ఆగింది. ఆ తర్వాత సుంకమ్మ "తిప్పన్నా!" అని అరిచింది. పెళ్ళయ్యాక మొదటిసారి. ఒకసారి కాదు, గొంతు ఉన్నంతసేపూ.

"చెప్పె గదా, ఇంక తియ్యండ్రా" అన్నాడు నాయడు. మాట తప్పని మనిషి.

నన్ను తీశారు. దుమ్ము కూడా అప్పటికి వాకిలి చేరింది. ఉప్పు బస్తాలు మోసే ఎద్దుల మంద, వెనక లంబాడీ వర్తకులు. ఏటా అదే నెలలో, అదే దారిన వచ్చేవాళ్ళే. కోటలో ఉప్పు అయిపోవచ్చింది కాబట్టి నాయడు అక్కడే నిలబడి బేరమాడాడు.

తిప్పన్న ఎనభయ్యేళ్ళు బతికాడు. ఆమె అన్నిసార్లు పేరెత్తి పిలిచినా ఆయుష్షు ఒక్క పూట తరగలేదు. ఒక్క జ్వరమైనా రాలేదు. చేతుల్లో బలం ఉన్నన్నాళ్ళు రోజూ నన్ను వేశాడు, తీశాడు.

కాకిరాళ్ళ కోటను ఏ శత్రువూ కొట్టలేదు. నాయడి మనవలే వాటాల కోసం కొట్టుకున్నారు. తలుపులు ఒకరు, రాళ్ళు ఒకరు పీక్కుపోయారు. నేను పశువుల దొడ్డికి అడ్డమయ్యాను. ఆ ఏడే గొడ్లకు గాలికుంటు వచ్చింది. గంజెమ్మకు కోపమొచ్చిందని నన్ను మోసుకొచ్చి మళ్ళీ ఈ పాడు వాకిట్లోనే పెట్టారు.

గంజెమ్మ ఎవరనుకున్నారు? సుంకమ్మే. జనం చెప్పుకునే కథలో ఆ పతివ్రత వాకిట నిలబడి మరిగే గంజి పోసి శత్రువుల్ని తరిమింది. ప్రాణం పోతున్నా మొగుడి పేరు పలకలేదు. అందుకే వాడు నిండు నూరేళ్ళు బతికాడు. ఆ కథలో ఈరి లేదు. విగ్రహం చేయించే స్తోమత లేక నాకే పసుపు పూసి, బొట్లు పెట్టి అమ్మా అంటున్నారు. ఆమెను లోపలికి రానివ్వనిదాన్ని నేనే.

బిడ్డలకు దగ్గూ జ్వరమూ వస్తే తల్లులు చెంబుతో గోరువెచ్చని రాగిగంజి తెచ్చి నా మీద పోస్తారు. నిరుడు ఒకామె వచ్చింది. చంకలో ఆడపిల్ల, కళ్ళలో నేనెరిగిన భయమే. పూజారి అడిగాడు. "మీ ఇంటాయన పేరేందమ్మా? మొక్కు చెప్పల్ల."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెప్పు తల్లీ, ఏమీ కాదు, నేను చూశాను, వాడికేమీ కాదు, ఒక్కసారి చెప్పు. నేను కొయ్యను. నా అరుపు నాలోనే ఉండిపోయింది.

ఆమె పిల్లను కిందికి దించింది. "నువ్వు చెప్పమ్మా, మీ నాయన పేరు."

పిల్ల దగ్గింది. నా వైపు చూసింది.

"నాయన" అంది.

అందరూ నవ్వారు. తల్లి కూడా నవ్వింది. నవ్వుతూనే చెంబు వంచింది.