గుర్రం తుమ్మిన ప్రకటన

నేను ఒక డబ్బా టీవీని, వెనకాల పొట్ట ఉన్న రకం. హైదరాబాద్ శివారు ఫ్యాక్టరీలో నన్ను బిగించారు. మొదట జగిత్యాలలో ఒక సారు ఇంట్లో ఉన్నాను. ఆయన వార్తలు పెట్టుకుని నాతో వాదించి ఓడిపోయేవాడు. తర్వాత గోడకు తగిలించే టీవీ కొనుక్కుని, నన్ను కోరుట్లలో లస్మవ్వ ఇంటికి అమ్మేశాడు.

లస్మవ్వ బీడీలు చేస్తుంది. ఇంటి పనులయ్యాక వాడకట్టు ఆడవాళ్ళు చాటలతో వచ్చి నా ముందు కూర్చుంటారు. చేతులు తునికాకు చుడుతుంటాయి, కళ్ళు నా మీద ఉంటాయి. నన్ను చూస్తూ కూడా మనుషులు పని చేయగలరని సారు ఇంట్లో ఉండగా నాకు తెలియదు.

ఆ ఎండాకాలం లస్మవ్వకు కోడలొచ్చింది. పేరు రుక్మ, భైంసా వైపు పిల్ల. పనంతా ముగించి వచ్చి గడప దగ్గర నిలబడేది. కూర్చునేది కాదు, మాట్లాడేది కాదు.

"మన నడుమ కూసునుడు నామోషి గావచ్చు," అంది పక్కింటి నర్సవ్వ.

ఆషాఢం దగ్గరపడుతోంది. కొత్త కోడలు ఆ నెల పుట్టింట్లో ఉండాలి. వెళ్ళిన పిల్ల తిరిగి రాదేమోనని లస్మవ్వ భయం. ఎవరూ లేనప్పుడు నా ముఖం తుడుస్తూ, "గీ పిల్ల మనసుల ఏమున్నదో," అని నాతో అనేది.

అప్పుడే ఆ ప్రకటన మొదలైంది. సూటు వేసుకున్న ఒకాయన కుర్చీ భుజాన పెట్టుకుని గుట్ట ఎక్కుతాడు. పైన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వాన వస్తుంది. ఒక గుర్రం వచ్చి తుమ్ముతుంది. ఆయన నవ్వుతాడు. ఇంగ్లీషులో ఒక మాట పడుతుంది. అంతే. దేనిదో నాకూ తెలియదు. నా పని చూపించడమే.

"కుర్చీలు అమ్ముతుండ్రు," అంది నర్సవ్వ.

"అమ్మేటోడు వానల తడుపుతడానే? గది సర్ది మందు," అంది భూదవ్వ.

"సర్ది అయ్యింది గుర్రానికి. గుర్రం మందు మనకెందుకు సూపెడ్తరు?"

"నీ మొగడు తుమ్మినా గట్లనే ఇనవడ్తది. నీకే సూపెడ్తున్నరు."

నర్సవ్వ నవ్వితే చాటలోని తంబాకు ఒలికింది. ఈ వాదన రోజూ జరిగింది. ఒక మధ్యాహ్నం గడప దగ్గర నుంచి మాట వినిపించింది.

"గాయిన అలిగి వచ్చిండు."

చేతులన్నీ ఆగాయి. రుక్మ నన్నే చూస్తోంది.

"ఇంట్ల ఎవ్వలు కూసో అనలే. ఎన్నొద్దులని నిలవడ్తడు? గందుకే కుర్చి ఎత్తుకపోయిండు."

నర్సవ్వ నవ్వబోయి లస్మవ్వను చూసి ఆగింది.

"ఇంటోళ్ళకు ఎవలన్న కూసో అని చెప్తరా బిడ్డా?" అంది లస్మవ్వ.

"మా దిక్కు అత్త చెప్పేదాంక కొత్త కోడలు కూసోదు. నువ్వు చెప్తవని సూస్తున్న."

"ఓ నా తల్లీ! మా దిక్కు సుట్టాలకు చెప్తరే కూసోమని. నీకు చెప్తే పరాయిదాన్ని చేసినట్టయితదనుకున్న."

లస్మవ్వ పక్కకు జరిగి, కోడలి చేయి పట్టి లాగింది. "కూసో!" మిగతావాళ్ళూ అందుకున్నారు: "కూసో, కూసో!" రుక్మ కూర్చుంది. పాలు పొంగి పొయ్యిలో పడేదాకా లేవలేదు. ఆ రోజు ఎవరూ పాల గురించి బాధపడలేదు. మర్నాటి నుంచి రుక్మ ఒళ్ళోకీ ఒక చాట వచ్చింది.

ఆషాఢానికి తీసుకుపోవడానికి రుక్మ అన్న విఠల్ వచ్చాడు. సంచి సర్ది ఉంది. రుక్మ చాట వదలలేదు.

"జరాగు అన్నా. గాయిన గుట్టెక్కుతుండు."

విఠల్ నిలబడి చూశాడు. "గిది సిమెంటుది," అన్నాడు.

"సిమెంటేడున్నది అండ్ల?" అని నలుగురూ మీదపడ్డారు. అతను సిమెంటును వదల్లేదు. బస్సు మాత్రం వాళ్ళను వదిలేసి పోయింది. రెండో బస్సుకు బయల్దేరుతూ రుక్మ వెనక్కి తిరిగింది.

"అత్తా, నా చాట ఎవ్వలకియ్యకు."

లస్మవ్వ ఆ చాటను నా నెత్తిన పెట్టింది. నర్సవ్వ రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు. శ్రావణం రాగానే రుక్మ బస్సు దిగి, సంచి గడపలోనే పడేసి, వచ్చి చాటను దించుకుంది. కాళ్ళు కడుక్కోమని లస్మవ్వ అరుస్తూనే ఉంది.