ముప్పైమూడు కోట్ల మాస్టారు

తడిగుడ్డతో బోర్డు తుడుస్తున్న ఏడుకొండలు రోజూలాగే పైవరుస దగ్గర చెయ్యి ఆపాడు. అది సుద్ద కాదు, తెల్ల పెయింటు. 31, 331, 3331... అలా మూళ్లు పెరుగుతూ 33,33,33,331 దగ్గర ఆగుతుంది. కింద ఎర్రక్షరాలు: అన్నీ ప్రధాన సంఖ్యలే.

అంబాజీపేటలో కొబ్బరి గోడౌను వెనక రేకుల షెడ్డులో ట్యూషన్ చెప్పే ఈ మనిషికి వేరే గొప్పేమీ లేదు. వంగిన భుజాలు, మోచేతుల దాకా సుద్దపొడి, బట్టలకెప్పుడూ ఎండుకొబ్బరి వాసన. ఆ చివరి సంఖ్య మాత్రం సొంత సంపాదన. దాన్ని ఏదీ భాగించలేదని కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ చెప్పేవాడు. ముప్పైమూడు కోట్ల మాస్టారని ఊరు వేళాకోళంగా పేరు పెడితే, దేవతలందరూ తన బోర్డు మీదే కొలువున్నట్టు మురిసిపోయేవాడు.

నిన్న సాయంత్రం సత్యప్రియ లేచి నిలబడింది. పది పాసై, ఇంటర్లో ఎంపీసీ తీసుకోవాలని వేసవిలోనే వచ్చి చేరిన పిల్ల.

"అది పదిహేడుతో పోతుందండి, మాస్టారూ."

"పదిహేడుకి సూత్రమే లేదు. పుస్తకం రాసినవాళ్లకి తెలీనిది నీకు తెలిసిందా? ఎంపీసీ నీవల్ల కాదు గానీ, కూర్చో."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఇంటికెళ్లాక ఆ మాట లోపల నలుగుతూనే ఉంది. ఇప్పుడు సుద్దముక్క తీసుకున్నాడు. రెండు నుంచి పదకొండు దాకా, బడిలో నేర్పే సూత్రాలన్నిటితోనూ ఎప్పుడో చూశాడు. సూత్రం లేని సంఖ్య కూడా భాగిస్తుందని తోచనే లేదు. పదిహేడుతో భాగించుకుంటూ కిందికి దిగాడు. శేషం సున్నా. మళ్లీ చేశాడు. మళ్లీ సున్నా. చూసేవాళ్లెవరూ లేకపోయినా ఆ లెక్కని గబగబా అరచేత్తో చెరిపేశాడు. చెరిపేసినందుకు ఇంకా సిగ్గేసింది.

గోడౌను ముందు సత్యప్రియ తల్లి వెంకటలక్ష్మి ఎండలో కొబ్బరిచిప్పలు తిరగేస్తోంది.

"అమ్మాయిని పిలవమ్మా. నిన్న తను చెప్పిందే కరెక్టు. తప్పు నాది."

ఆవిడ కంగారుగా లేచి కొంగు సర్దుకుంది. "అయ్యో, మీరు తప్పు చెప్పడమేంటండీ! మాస్టారికి ఎదురు చెప్తావా అని రాత్రి నేనే రెండేశానండి. ఇంక లెక్కలొద్దని పొద్దున్న బస్సుకి ఓడలరేవు పోయిందండి. ఆళ్ల పిన్ని కాడ కుట్టుపని నేర్చుకుంటాదంట."

"ఒక్కసారి ఫోన్ చేసి ఇవ్వమ్మా."

ఆవిడ చేసింది. కాస్త విని, ఫోన్ చేత్తో మూసి, "మీతో మాట్టాడ్డానికి సిగ్గుపడతందండి. మీ ముందు ఇంకెప్పుడూ నోరెత్తదంటండి," అంది. "ఆయ్, మీది పెద్ద మనసండి," అంటూ దండం పెట్టింది. ఆయన తలెత్తలేకపోయాడు.

సాయంత్రం పిల్లలు గోడవార మడిచి ఉంచిన గోనెపట్టాలు తీసి పరుచుకున్నారు. "ఇది పదిహేడుతో పోతుంది. సత్యప్రియ చెప్పింది నిజం. ఇన్నేళ్లూ నేనే తప్పు చెప్పాను," అన్నాడు ఏడుకొండలు. మాస్టారు తమని పరీక్షిస్తున్నారనుకుని అందరూ నిన్నటిలాగే గొల్లున నవ్వారు. ఈసారి ఆయన నవ్వలేదు. బోర్డు మీద లెక్క మొదలుపెట్టి, సున్నా దాకా చేశాడు. చెరపలేదు.

గోడవార ఒక్క పట్టా మిగిలిపోయింది. అంచుకి నీలం దారంతో తన పేరు కుట్టుకుని, నిన్న వెళ్లేముందు నాలుగు మడతలు పెట్టి ఉంచింది సత్యప్రియ.